ఇమోజెన్: అచ్చుతప్పులోంచి పుట్టిన పేరేనా?

వరంగల్ పుటలు:
అందరికీ నమస్కారం. షేక్‌స్పియర్ ‘సింబెలీన్’ని తెలుగు చేయబోతే మొదటి రంగంలోనే ఒక చిక్కు. రాజుగారి కూతురి పేరు పాత ప్రతుల్లో ఇమోజెన్ (Imogen). 1986లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ సంపూర్ణ సంపుటంలో ఇన్నోజెన్ (Innogen). పేర్ల నిఘంటువులు ‘అచ్చుతప్పు వల్ల పుట్టిన పేరు’ అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అడగదలచినవి మూడు. అచ్చుతప్పు అన్న మాటకి ఆధారం ఎంత గట్టిది? నాటకంలోంచి ఈ పేరు ఇళ్ళలోకి ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఎంత వాడకంలో ఉంది? తెలుగులో ఏ వర్ణక్రమం పెట్టాలి?

తాళపత్రం:
మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. ఈ నాటకం షేక్‌స్పియర్ బతికుండగా అచ్చు కాలేదు. ఆయన నాటకాల సంపుటం పెద్ద సైజులో 1623లో వచ్చింది, దాన్నే ఫోలియో అంటారు. అందులో ఉన్న 36 నాటకాల్లో ఇది చిట్టచివరిది. విడిగా క్వార్టో, అంటే ఒక్క నాటకమే చిన్న సైజులో వేసిన పుస్తకం, రాలేదు, కాబట్టి పక్కన పెట్టి పోల్చడానికి రెండో పాత ప్రతి లేదు. ఉన్న ఆ ఒక్క ప్రతిలో మొదటినుంచి చివరిదాకా ఇమోజెనే. ఇన్నోజెన్ అనాలంటే ఆధారం నాటకం బయటినుంచే తేవాలి.

బయట ఉన్నవి ఇవి. సైమన్ ఫోర్మన్ అని లండన్‌లో ఒక జ్యోతిష్కుడు, వైద్యం కూడా చేసేవాడు. చూసిన నాటకాల కథలు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ రాతప్రతి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ‘సింబెలీన్’ కథ రాసినచోట అమ్మాయి పేరు ఇన్నోజెన్. ఆయన 1611 సెప్టెంబరులో పోయాడు, అంటే నాటకం చూసింది అంతకుముందే. ఫోలియో కంటే కనీసం పన్నెండేళ్ళ ముందు మాట ఇది.

‘మచ్ అడో అబౌట్ నథింగ్’ 1600 క్వార్టో తెరిస్తే మొదటి రంగసూచనలోనే లియొనాటో భార్య ఇన్నోజెన్ అని ఉంటుంది. ఆవిడ నాటకం మొత్తంలో ఒక్క మాట మాట్లాడదు, ఆవిడతో ఎవరూ మాట్లాడరు. రచయిత మొదట అనుకుని తర్వాత వదిలేసిన పాత్ర అని పండితులు అంటారు. ఇప్పుడు ‘సింబెలీన్’ చూడండి, కథానాయిక మొగుడి పేరు పోస్ట్యుమస్ లియొనాటస్. అక్కడ లియొనాటో, ఇన్నోజెన్. ఇక్కడ లియొనాటస్, పక్కన ఎవరుండాలి? నా మటుకు నాకు అన్నిటికంటే బలమైన ఆధారం ఇదే.

ఇంక మూలకథ. షేక్‌స్పియర్ కథల కోసం వాడుకున్న హోలిన్‌షెడ్ చరిత్రలో బ్రూట్ భార్య పేరు ఇన్నోజెన్. ఈ బ్రూట్ సీజర్ని పొడిచిన బ్రూటస్ కాడు, ట్రాయ్ వంశంవాడు, బ్రిటన్‌కి మూలపురుషుడని చెప్పుకునేవాడు. ఆ కథ అంతకుముందు 1136 ప్రాంతంలో మన్మత్ జెఫ్రీ లాటిన్‌లో రాసిన బ్రిటన్ రాజుల చరిత్రలో ఉంది. గ్రీకు రాజు పాండ్రాసస్ కూతురు ఆమె. ఇంగ్లిష్ కవి స్పెన్సర్ 1590లో అచ్చువేసిన కావ్యంలోనూ ఇదే మనిషి ఇనోజీన్‌గా కనిపిస్తుంది. ఒక ‘న’ తగ్గింది గాని ‘మ’ రాలేదు, గమనించండి. ఐదు వందల ఏళ్ళ ఈ వరుసలో ఎక్కడా మకారం లేదు.

అర్థం సంగతికొస్తే, ‘కూతురు, కన్య’ అనే అర్థమున్న పాత గేలిక్ మాటతో ఇన్నోజెన్‌ని ముడిపెడతారు. నేటి ఐరిష్‌లో ఆ మాట ‘ఇనీన్’. ఇమోజెన్‌కి విడిగా ధాతువు లేదు. ‘ఇమాగో’ అనే లాటిన్ మాటకి, అంటే ప్రతిబింబానికి, దగ్గరగా వినిపిస్తుందని కొందరు చెప్పేది ధ్వనిసామ్యం మాత్రమే, వ్యుత్పత్తి కాదు.

కంపోజింగ్ స్టిక్:
తాళపత్రం గారి ఆధారాలు కాదనలేం. కానీ ‘అచ్చుతప్పు’ అన్న మాట దగ్గర ఆగాలి. లోహపు టైపుతో అచ్చు పని తెలిసినవాళ్ళెవరూ దీన్ని అచ్చుతప్పు అనరు.

అచ్చుతప్పులు ఎలా వస్తాయో చూడండి. వాడిన టైపుని విడదీసి గళ్ళలో తిరిగి పంచేటప్పుడు ఒక అక్షరం పక్క గడిలో పడుతుంది. తర్వాత కంపోజిటర్, అంటే టైపు పేర్చేవాడు, చూడకుండా వేళ్ళతో తీస్తాడు, తప్పు పడుతుంది. లేదా అక్షరం తలకిందులుగా పెడతాడు, ‘ఎన్’ కాస్తా ‘యు’ అవుతుంది. లేదా ఒక మాట ఎగిరిపోతుంది. వీటన్నిటికీ ఒకటే గుణం, అవి ఎక్కడో ఒకచోట వస్తాయి. పేజీ తర్వాత పేజీ అదే తప్పు అదేచోట రాదు.

పైగా ‘ఎన్’ రెండు అంటే రెండు టైపు ముక్కలు. ‘ఎం’ ఒక్క వెడల్పాటి ముక్క, దాని గడి వేరు. రెండు సన్నముక్కలు తీయబోయి పొరపాటున ఒక వెడల్పు ముక్క తీశాడంటే ఒకసారి నమ్ముతాను. ఫోలియోలో ఈ పేరు సంభాషణల్లో, రంగసూచనల్లో ఉంది, మాట్లాడే పాత్ర పేరుగా ‘ఇమొ’ అని కుదించి ప్రతి సంభాషణ ముందూ ఉంది. ఇన్నిచోట్లా చెయ్యి జారదు. తప్పు జరిగితే టైపు పెట్టె దగ్గర కాదు, రాతప్రతి చదివిన కళ్ళ దగ్గర జరిగింది. దీన్ని చదువుతప్పు అనాలి.

తాళపత్రం:
ఒప్పుకుంటున్నానండీ. పరిష్కరణ చేసేవాళ్ళకి ఈ తేడా ముఖ్యం. అచ్చుతప్పయితే ఒకచోట దిద్ది ఊరుకుంటాం. చదువుతప్పయితే ఎవరు, ఏ దశలో చదివారన్నది అడగాలి. రచయిత రాతని శుద్ధప్రతిగా ఎత్తి రాసిన లేఖకుడా, అచ్చాఫీసులో కంపోజిటరా?

కళ్ళు ఎలా మోసపోతాయో దగ్గరగా చూద్దాం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో మామూలు చేతిరాతలో ‘ఐ’, ‘ఎన్’, ‘ఎం’, ‘యు’ అక్షరాలన్నీ పొట్టి నిలువు గీతలే. చిన్న ‘ఐ’కి ఒకటి, ‘ఎన్’కి రెండు, ‘యు’కి రెండు, ‘ఎం’కి మూడు. గీతల మధ్య కలిపే వంపు కొందరు పైన పెడతారు, కొందరు కింద, తొందరలో ఉంటే అసలు పెట్టరు. అందుకని చదివేవాడు గీతలు లెక్కపెట్టుకోవాలి. పెద్ద ‘ఐ’ తర్వాత రెండు ‘ఎన్’లకి నాలుగు గీతలు. ‘ఎం’ అయితే మూడు. ఒక్క గీత తేడా! తెలిసిన మాటయితే అర్థం ఆదుకుంటుంది. తెలియని పేరు దగ్గర ఆదుకునేదేమీ ఉండదు.

ఇంకో దారి కూడా ఉంది. అక్షరం మీద చిన్న అడ్డగీత గీస్తే ఒక ‘ఎన్’ గాని ‘ఎం’ గాని ఎగరగొట్టామని గుర్తు. ఆ గీత ఏ అక్షరాన్ని సూచిస్తోందో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. మన పాత తెలుగు రాతల్లో ‘అన్న’ని ‘అంన’ అనీ, ‘అమ్మ’ని ‘అంమ’ అనీ సున్నాతో రాయడం ఉండేది కదా. పక్కన అక్షరం స్పష్టంగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. అది చెదపురుగు తిన్నా, సిరా వెలిసినా ఆ సున్నా ‘న్’నా ‘మ్’మా అన్నది ఊహే. ఒక ప్రతిలో పడిన తప్పు దాన్ని చూసి ఎత్తి రాసిన ప్రతులన్నిటికీ పాకుతుంది. వేమన పద్యాల్ని 1829లో అచ్చువేయడానికి బ్రౌన్ దొర అన్ని రాతప్రతులు సేకరించి పోల్చింది ఇందుకే. ‘సింబెలీన్’కి ఆ అవకాశం లేకపోవడమే మన బాధ.

వరంగల్ పుటలు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. షేక్‌స్పియరే 1611 తర్వాత పేరు మార్చి ఉండొచ్చు కదా? ఛందస్సు ఏమైనా చెబుతుందా?

తాళపత్రం:
ఛందస్సు సాయం రాదు. రెండు పేర్లూ మూడేసి అక్షరాలు, రెంటికీ ఊనిక మొదటి అక్షరం మీదే. ఏది పెట్టినా పాదం నడుస్తుంది.

రచయితే మార్చాడన్న వాదం అసాధ్యం కాదు. ఫోలియోలో అంతటా ఒకేలా ఉండటం ఆ పక్షానికి బలం. ఫోర్మన్ మీద కూడా ఒక ఆక్షేపణ ఉంది. ఆయన హోలిన్‌షెడ్ చదివినవాడైతే, రంగస్థలం మీద ఇమోజెన్ అని విని, ఇంటికెళ్ళి అలవాటైన ఇన్నోజెన్ రాసి ఉండొచ్చు. నేనైతే ఇది నమ్మను. ఆయన విన్నది చెవితో. నిలువు గీతల మోసం చెవికి లేదు. మూలకథలో పేరు, పాత నాటకంలో జంట, ప్రేక్షకుడి నోటు, మూడూ ఒకవైపే చూపిస్తున్నప్పుడు నేను ఇన్నోజెన్ వైపే నిలబడతాను. మంచితనానికి ప్రతిరూపమైన ఆ పాత్ర పేరులో ‘ఇన్నొసెంట్’ అన్న మాట ధ్వనించడం కూడా నాటకానికి తగినట్టే ఉంటుంది.

తేమ్స్ తీరం:
రెండో ప్రశ్న నా వంతు. తప్పో ఒప్పో, లోకంలోకి నడిచొచ్చింది మాత్రం ఇమోజెనే. ఇన్నోజెన్ అనే పేరున్న మనిషి ఎదురవడం చాలా అరుదు.

పేరు ముందు పుస్తకాల్లో పాకింది. విలియం గాడ్విన్ 1784లో రాసిన వేల్స్ నేపథ్యపు నవలిక పేరే ‘ఇమోజెన్’. 1796లో మాథ్యూ లూయిస్ భయానక నవల ‘ది మంక్’లో ‘సాహసి అలోంజో, అందాల ఇమోజీన్’ అనే గాథాగీతం వచ్చింది, అది జనం నోళ్ళలో బాగా నానింది. వర్ణక్రమం మారింది గమనించారా? చివర ‘ఐ, ఎన్, ఇ’ (ine) అక్షరాలతో ఇమోజీన్. 1816లో మాట్యూరిన్ ‘బెర్ట్రమ్’ నాటకంలో కూడా అదే రూపం. దాని ఆధారంగా 1827లో బెల్లీని చేసిన ఇటాలియన్ ఆపెరాలో ‘ఇమోజెనె’, నాలుగు అక్షరాలు. చివర ఇంగ్లిష్ ‘ఇ’ (E) అక్షరం చేర్చిన రూపాలకి దారి వేసింది ఈ రచనలే అని నా అభిప్రాయం.

ఇంకోవైపు ఇంగ్లండ్ కవులు ఆ పాత్రని నెత్తిన పెట్టుకున్నారు. 1818 ఉత్తరంలో కీట్స్ కవి స్వభావం గురించి చెబుతూ, ‘ఒథెల్లో’లో దుర్మార్గుడైన ఇయాగో లాంటివాణ్ణి ఊహించడంలో ఎంత ఆనందమో ఒక ఇమోజెన్‌ని ఊహించడంలోనూ అంతే అన్నాడు. 1892లో టెన్నిసన్‌ని పాతిపెట్టినప్పుడు పెట్టెలో ‘సింబెలీన్’ ప్రతి ఉంచారు. చదువుకున్న ఇళ్ళవాళ్ళు ఆడపిల్లలకి ఈ పేరు పెట్టడం వెనక ఈ గాలి ఉంది.

పాత రికార్డుల్లో వెతకాలనుకునేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు:

ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ జనన నమోదు 1837 జూలై 1న మొదలైంది. అంతకుముందువి చర్చి బాప్తిస్మ రిజిస్టర్లే. 1837కి ముందు పేరు దొరకలేదంటే లేదని కాదు, ఆ చర్చి రిజిస్టరు ఇంకా సూచికలోకి ఎక్కకపోయి ఉండొచ్చు.

పాత అచ్చు సూచికల్లో 1910ల నుంచి 1960ల నడిమిదాకా మొదటి పేరే పూర్తిగా వేసి, రెండో పేరుకి పొడి అక్షరం పెట్టేశారు. ‘మేరీ ఇమోజెన్’ అక్కడ ‘మేరీ ఐ.’ అవుతుంది. అరుదైన పేర్లని తల్లిదండ్రులు రెండోపేరుగా పెట్టడం మామూలే కనుక, ఈ కాలంలో లెక్క తక్కువగా తేలుతుంది. జనన పత్రం నకలు తెప్పిస్తే తప్ప పూర్తి పేరు తెలియదు.

కంప్యూటర్ సూచికల్లో చదువుతప్పు మళ్ళీ పడుతుంది! పాత చేతిరాతలో పెద్ద ‘ఐ’, ‘జె’ ఒకేలా ఉంటాయి, కొన్నిచోట్ల ‘ఎస్’లా కూడా. మొదటి అక్షరం మీద పట్టుబట్టకండి. మొదటి అక్షరం బదులు చుక్కగుర్తు పెట్టి, మధ్యలో ‘ఎం, ఓ, జి’ ఉంచి, చివర మళ్ళీ చుక్కగుర్తు పెట్టండి. తర్వాత ‘ఎం’ బదులు ‘ఎన్’తో ఇంకోసారి. రెండు వెతుకులాటలూ చేయకుండా ‘లేదు’ అనకూడదు.

తల్లిదండ్రులు స్వయంగా ఏ వర్ణక్రమం వాడేవారో తెలియాలంటే 1911 జనాభా లెక్కల పత్రం చూడండి. ఇంటి యజమాని తన చేత్తో నింపిన కాగితం అది. 1901 దాకా మిగిలినవి లెక్కల గుమాస్తా ఎత్తి రాసిన పుస్తకాలు, అందులో వర్ణక్రమం గుమాస్తాది.

లెక్కలపుస్తకం:
వాడకం లెక్కలు నేను చెబుతాను. ముందు పోలిక: ఇంగ్లండ్, వేల్స్‌లో ఇమోజెన్ ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువకాలం అరుదు. తర్వాత పెరిగి 2000ల్లో, 2010ల్లో ఆడపిల్లల తొలి వంద పేర్లలో ఉంది. అమెరికాలో కథ వేరు. అక్కడ చివర ‘ఇ’ ఉన్న ఇమోజీన్ 1920లు, 30ల్లో బాగా వాడారు, తర్వాత అది బామ్మల పేరయింది. 1908లో పుట్టిన హాస్యనటి ఇమోజీన్ కోకా ఆ తరం మనిషే. అక్కడ ‘ఇ’ లేని ఇమోజెన్ ఈనాటికీ అరుదు.

ఇప్పుడు లెక్కలు తీసేటప్పుడు చేసే పొరపాట్లు.

బ్రిటన్ గణాంక కార్యాలయం జాబితా ఇంగ్లండ్, వేల్స్‌కి మాత్రమే. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ లెక్కలు వేరే సంస్థలు వేస్తాయి. ‘బ్రిటన్‌లో ఇంతమంది’ అనాలంటే మూడూ కలపాలి. 1996 నుంచి పూర్తి జాబితాలున్నాయి, ఏడాదిలో కనీసం ముగ్గురికి పెట్టిన పేర్లు వాటిలో వస్తాయి. అంతకుముందు కాలానికి 1904 నుంచి 1994 దాకా పదేళ్ళకొకసారి తీసిన తొలి వంద పేర్లే. 1924 తొలి వందలో లేదంటే వాడకంలో లేదని కాదు, నూటొకటో స్థానంలో ఉన్నా కనపడదు.

అమెరికాలో సోషల్ సెక్యూరిటీ, అంటే ప్రభుత్వ పింఛను వ్యవస్థ, వేసే పేర్ల జాబితా 1880 నుంచి ఉంది, గీత ఐదుగురి దగ్గర, అంటే ఏడాదిలో కనీసం ఐదుగురికి ఉన్న పేర్లే అందులో వస్తాయి. కానీ ఆ వ్యవస్థ వచ్చింది 1935 చట్టంతో. 1880లో పుట్టినవాళ్ళలో పెద్దయ్యాక కార్డుకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళే లెక్కలో ఉన్నారు. 1937కి ముందు పుట్టినవాళ్ళ సంఖ్యల్ని జననాల సంఖ్యలుగా తీసుకోకూడదు. రాష్ట్రాల వారీ జాబితాలోనూ ఇదే ఐదుగురి గీత ఉంది. ఒక్కో రాష్ట్రంలో నలుగురే ఉంటే ఆ రాష్ట్రాల్లో ఎక్కడా కనపడరు, దేశం మొత్తంలో మాత్రం కనపడతారు. రాష్ట్రాలన్నీ కూడి దేశపు సంఖ్య రాలేదని కంగారు పడొద్దు.

రెండు దేశాల్లోనూ ఒక్కో వర్ణక్రమం ఒక్కో పేరు కింద లెక్క. ఇమోజెన్, ఇమోజీన్, రెండు ‘ఎం’ల రూపం, ఇంగ్లిష్ ‘ఇ’ (E) అక్షరంతో మొదలయ్యే ఎమోజీన్, అన్నీ విడివిడి వరుసలు. కూడేముందు ఒకటి చూసుకోండి. అమెరికా పాత జనాభా లెక్కల్లో గుమాస్తా చెవికి ‘ఎమ్మా జీన్’, ‘ఇమోజీన్’ దాదాపు ఒకటే. ఎమోజీన్‌లన్నీ ఇందులోకే వేస్తే వేరే పేరు కలిసిపోతుంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు స్థానాన్ని చూసి ఆదరణ అంచనా వేయడం. పూర్వం కొద్ది పేర్లే ఎక్కువమంది పెట్టుకునేవారు, ఇప్పుడు పేర్లు వేలల్లో ఉన్నాయి. ఒకే యాభయ్యో స్థానం వెనక అప్పటి జనం వేరు, ఇప్పటి జనం వేరు. లక్ష ఆడపిల్లలకి ఎందరు అన్నది తీయండి. ఊహకి ఒక లెక్క: ఏడాదిలో 3,00,000 మంది ఆడపిల్లలు పుట్టి, పేరు 450 మందికి పెడితే లక్షకి 150. ఇంకో ఏడాది 4,00,000లో 480 అయితే లక్షకి 120. సంఖ్య పెరిగింది, వాడకం తగ్గింది.

తేమ్స్ తీరం:
లెక్కలపుస్తకం గారూ, చిన్న సవరణ. అమెరికా అంటే ఇమోజీన్, ఇంగ్లండ్ అంటే ఇమోజెన్ అని గీత గీసేయకండి. పేరుమోసిన ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1883లో ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లండ్‌లో పుట్టింది, చివర ‘ఇ’ లేదు. జనంలో ఎక్కువ ఏది అన్నది వేరు, ఏది ఉండేది అన్నది వేరు.

లెక్కలపుస్తకం:
నిజమేనండీ. ‘ఎక్కువగా’ అని చేర్చుకుని చదవండి.

కంపోజింగ్ స్టిక్:
ఈ పేరు దగ్గర మన పురాణకథ కూడా తగులుతుంది, చెప్పకుండా ఉండలేను. ఇంగ్లిష్ సంగీతకర్త గుస్తావ్ హోల్స్ట్‌కి 1907లో కూతురు పుడితే పెట్టిన పేరు ఇమోజెన్. ఆయన సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలకి స్వరాలు కట్టినవాడు. మరుసటి ఏడాది, 1908లో, రాసుకున్న చిన్న ఆపెరా పేరు ‘సావిత్రి’. యముణ్ణి మాటలతో గెలిచిన మన సావిత్రే. అనుమానించిన మొగుడి కోసం అడవులు పట్టిన ఇమోజెన్, మొగుడి ప్రాణం కోసం యముడి వెంట నడిచిన సావిత్రి, రెండేళ్ళ వ్యవధిలో ఒకే ఇంట్లోకి వచ్చారు. ఆ అమ్మాయి తర్వాత సంగీత నిర్వాహకురాలిగా, 1952 నుంచి సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్‌కి సహాయకురాలిగా పనిచేసింది.

వరంగల్ పుటలు:
ఎంత మంచి సంగతి చెప్పారు! ఇలా చదువుతప్పుతో పుట్టిన పేర్లు ఇంకేమైనా ఉన్నాయా?

తాళపత్రం:
సెడ్రిక్. 1819లో వాల్టర్ స్కాట్ ‘ఐవన్‌హో’లో ఒక శాక్సన్ దొరకి ఆ పేరు పెట్టాడు. వెసెక్స్ రాజవంశానికి ఆద్యుడి పేరు చెర్డిక్. దాంట్లో రెండు అక్షరాలు అటూ ఇటూ అయి సెడ్రిక్ అయిందని పండితుల మాట. వనెసా మాత్రం ఈ కోవ కాదు. ఎస్తర్ వానమ్రీ అనే ఆమె పేరు ముక్కలు కలిపి రచయిత జొనాథన్ స్విఫ్ట్ కావాలనే కల్పించినది.

గీతపద్యం:
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను.

ఇంగ్లండ్‌లో ఉచ్చారణ: ఊనిక మొదటి ‘ఇ’ మీద, మధ్య అచ్చు దాదాపు మింగేసినట్టు, చివర ‘జన్’కీ ‘జెన్’కీ మధ్య. తెలుగులో ‘మో’ అని దీర్ఘం పెడితే చదివేవాడు అక్కడ ఆగి నొక్కుతాడు, మూలంలో బలహీనమైన అక్షరం మనదాంట్లో బలమైనదవుతుంది. పైగా ఫోన్లో టైపు చేస్తే ‘ఇమోజీ’గా దిద్దేస్తుంది. మనకి హ్రస్వ ‘ఒ’ ఉండగా దీర్ఘమెందుకు? ఇమొజెన్ అని రాయండి. అమెరికా రూపానికి ఇమొజీన్.

అనువాదంలో పద్యాలు ఉంటే ఇది ఇంకా ముఖ్యం. ఇమొజెన్ అంటే రెండు లఘువులు, ఒక గురువు, సగణం. ‘ఇమొజెన్ను’ అంటే చివర లఘువు చేరి సలం, ఇంద్రగణం. తేటగీతిలో, ఆటవెలదిలో హాయిగా కూర్చుంటుంది. ఇన్నొజెన్ గురువు, లఘువు, గురువు. రగణం, అదీ ఇంద్రగణమే. దీర్ఘం పెట్టిన ఇమోజెన్ లఘువు, గురువు, గురువు. యగణం. ఇంద్రగణాల్లో గాని సూర్యగణాల్లో గాని లఘువు తర్వాత గురువుతో మొదలయ్యేది లేదు. ఆ పేరుని గణం మొదట్లో పెట్టలేరు, రెండు గణాల మీదికి విరవాలి, పేరు విరిగితే వినడానికి బాగోదు.

వరంగల్ పుటలు:
గణాల దాకా వెళ్తారని అనుకోలేదండీ, చాలా పనికొచ్చింది. మూలంగా తీసుకున్నది 1986 ఆక్స్‌ఫర్డ్ పాఠం కాబట్టి నాటకంలో అంతటా ‘ఇన్నొజెన్’ ఉంచుతాను. పాత్రల పట్టికలో పేరు పక్కనే ‘ఫోలియోలో ఇమొజెన్’ అని వేస్తాను. ముందుమాటలో హోల్స్ట్ గారి అమ్మాయి ప్రస్తావన వచ్చినచోట మాత్రం ఇమొజెనే.

తాళపత్రం:
సరిగ్గా ఉంది. ఒక్క జాగ్రత్త. మాట్లాడే పాత్ర పేరుని ఫోలియోలోలా కుదించి ‘ఇన్నొ’ అని పెట్టకండి, ప్రూఫులో ఎవరో ఒకరు దాన్ని ‘ఇన్నో ఎన్నో’ అనుకుని దిద్దేస్తారు. ప్రతిచోటా పూర్తి పేరే వేయించండి.